ఎలిమెంట్ వేరు, ఆటమ్ వేరు: ఈ తికమక ఎక్కడ మొదలవుతోంది

మా అక్క కొడుకు మొన్న ఒక ప్రశ్న అడిగాడు, అప్పట్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. "మామయ్యా, బంగారం పసుపు రంగులో ఉంటుంది కదా, మరి ఒకే ఒక్క బంగారం ఆటమ్ తీస్తే అదీ పసుపేనా?" అన్నాడు. ఎందుకొచ్చిందిరా ఈ డౌటు అంటే నోట్స్ తెచ్చి చూపించాడు, అందులో "మూలకం ధర్మాలన్నీ కలిగి ఉన్న అతి చిన్న కణమే పరమాణువు" అని రాసి ఉంది. మనలో చాలామంది చిన్నప్పుడు బట్టీ పట్టిన వాక్యమే. వాడు దాన్ని నమ్మి ఆలోచించాడు అంతే, బంగారం ధర్మాల్లో రంగు ఒకటి, ధర్మాలన్నీ ఆటమ్‌కి ఉంటాయంటున్నారు, కాబట్టి ఆటమ్ కూడా పసుపే అయ్యుండాలి. వాడి ఆలోచనలో ఏ లోపమూ లేదు. లోపం ఆ వాక్యంలోనే ఉంది, మూలకానికీ పరమాణువుకీ తేడా ఏంటి అంటే పెద్దయ్యాక కూడా చాలామంది తడబడటానికి సగం కారణం ఈ వాక్యమే అని నా నమ్మకం.

మిగతా సగం కారణం మాటల్లో ఉంది. మూలకం అనగానే మూలం గుర్తొస్తుంది, అంటే అన్నిటికీ మొదలు అని. పరమాణువు అంటే పరమ అణువు, ఇంతకంటే చిన్నది లేదు అని. రెండు మాటలూ "నా తర్వాత ఇంకేం లేదు" అంటున్నట్టే ఉంటాయి, దాంతో ఒకే వస్తువుకి రెండు పేర్లేమో అనిపిస్తుంది. దీనికి తోడు పుస్తకాల్లో అణువు అంటే మాలిక్యూల్, బయటేమో అణుబాంబు, అణు విద్యుత్ అంటాం, అక్కడ మాలిక్యూల్‌తో పనే లేదు, జరిగేదంతా పరమాణువు లోపలి న్యూక్లియస్‌లో. ఇన్ని ముళ్ళు పడి ఉన్నాయి కాబట్టి ఇక్కణ్ణుంచి నేను ఎలిమెంట్, ఆటమ్ అనే రాస్తాను, అందరూ రోజూ వాడేవే కదా.

ఒక పోలికతో మొదలుపెడతా, ఎందుకంటే ఇది సరిగ్గా మన అక్షరాల్లో ఉన్న విషయమే. తెలుగులో అక్షరాలు ఎన్ని అంటే 56 అంటాం. ఈ పేజీలో అక్షరాలు ఎన్ని అని అడిగితే వేలల్లో చెప్తాం. రెండు చోట్లా వాడింది అక్షరం అన్న మాటే, కానీ లెక్కపెట్టింది వేరు. మొదటిసారి రకాలు లెక్కపెట్టాం, రెండోసారి కాగితం మీద అచ్చయి ఉన్న ఒక్కొక్క గుర్తునీ లెక్కపెట్టాం. "అమ్మమ్మ" అన్న మాటలో ఎన్ని అక్షరాలు అంటే మూడు అనొచ్చు, అ, మ రెండే రకాలు అని కూడా అనొచ్చు, రెండూ నిజమే. ఎలిమెంట్ అంటే ఆ రకం. ఆటమ్ అంటే కాగితం మీద ఫలానా చోట ఉన్న ఆ ఒక్క గుర్తు. అందుకే ఎలిమెంట్లు 118 అని చెప్పగలుగుతున్నాం, ఆటమ్స్ లెక్క మాత్రం చేతికందదు, ఒక్క గ్రాము బంగారంలోనే దాదాపు 3 పక్కన 21 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. అన్ని ఆటమ్స్, ఎలిమెంట్ మాత్రం ఒక్కటే.

మీకు ఎప్పుడైనా డౌట్ వస్తే "ఎన్ని?" అని అడిగి చూడండి. ఈ గాజు గ్లాసులో నీళ్ళున్నాయి, ఇందులో ఎలిమెంట్లు ఎన్ని? స్వచ్ఛమైన నీళ్ళయితే రెండు, హైడ్రోజన్, ఆక్సిజన్. గ్లాసు సగం తాగేశారు, ఇప్పుడెన్ని? అప్పుడూ రెండే. ఆటమ్స్ మాత్రం సగానికి పడిపోయాయి. నీళ్ళు తగ్గితే తగ్గేది ఆటమ్, తగ్గనిది ఎలిమెంట్.

సరే, మరి ఒక ఆటమ్ ఏ రకానికి చెందుతుందో ఎవరు నిర్ణయిస్తారు? మ ని మ అని గుర్తుపట్టడానికి ఆకారం ఉంది, ఆటమ్‌కి ఏముంది? ప్రోటాన్లు, అంటే న్యూక్లియస్‌లో ఉండే పాజిటివ్ చార్జ్ కణాలు. న్యూక్లియస్‌లో ఎన్ని ప్రోటాన్లు ఉన్నాయన్నది ఒక్కటే చూస్తాం, ఇంకేం చూడం. 6 ఉంటే కార్బన్, 7 ఉంటే నైట్రోజన్, 79 ఉంటే బంగారం, 80 ఉంటే పాదరసం. బంగారానికీ పాదరసానికీ మధ్య ఒకే ఒక్క ప్రోటాన్ తేడా, ఒకటేమో గట్టి లోహం, ఇంకోటేమో మామూలు వేడిలోనే జారిపోయే ద్రవం, నాకు ఇది ఎన్నిసార్లు తల్చుకున్నా ఆశ్చర్యమే. ఆరున్నర ప్రోటాన్లు ఉండవు కాబట్టి కార్బన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య ఇంకో ఎలిమెంట్ దొరికే ఛాన్సే లేదు, వరసలో ఖాళీ ఉందా లేదా అన్నది కూడా ఖచ్చితంగా చెప్పేయొచ్చు.

ఎలక్ట్రాన్లు పోయినా వచ్చినా ఎలిమెంట్ మారదు. ఇక్కడ కూడా మన అక్షరాలే సాయం చేస్తాయి, మ, మా, మి, మీ, ము అంటూ గుణింతం ఎంత మారినా హల్లు మ యే కదా. సోడియం ఆటమ్ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే అయాన్, అంటే చార్జ్ ఉన్న ఆటమ్ అవుతుంది, దాని ప్రవర్తన పూర్తిగా మారిపోతుంది, కానీ 11 ప్రోటాన్లు అలాగే ఉన్నాయి కాబట్టి అది సోడియమే. న్యూక్లియస్‌లోనే ఉండే చార్జ్ లేని కణాలు, న్యూట్రాన్లు, ఎక్కువ తక్కువలైనా అంతే, అదే అక్షరం కాస్త లావుగా, కాస్త సన్నగా అచ్చు వేసినట్టు. వాటినే ఐసోటోపులు అంటారు. బంగారానికి స్థిరంగా ఉండే ఐసోటోపు ఒక్కటే, తగరానికి మాత్రం పది ఉన్నాయి. చాలావరకు ఈ బరువు తేడా పెద్దగా తెలీదు, హైడ్రోజన్ దగ్గర మాత్రం బాగా తెలుస్తుంది, ఒక న్యూట్రాన్ ఎక్కువున్న హైడ్రోజన్‌తో చేసిన నీళ్ళని భారజలం అంటారు కదా, ఆ నీళ్ళని గడ్డకట్టించి మామూలు నీళ్ళలో వేస్తే ఆ ఐసు తేలదు, మునిగిపోతుంది. రెండిట్లోనూ ఉన్న ఎలిమెంట్లు అవే, హైడ్రోజన్, ఆక్సిజన్.

ఈ ప్రోటాన్ల లెక్క మొదట్నుంచీ తెలిసింది కాదు, అది తెలియక ముందు కూడా ఎలిమెంట్లు ఉన్నాయి, అదే అసలు విషయం. చరిత్రలో ఈ రెండు ఆలోచనలూ వేరువేరు దారుల్లో వచ్చాయి. 1789లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోజియే ఎలిమెంట్ల పట్టిక వేసినప్పుడు ఆయనకి ఆటమ్‌తో అవసరమే రాలేదు, దేన్నైతే ఏ పద్ధతిలోనూ ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టలేకపోతున్నామో దాన్నే ఎలిమెంట్ అందాం అన్నాడు, అలా 33 పేర్లు రాశాడు, అందులో వెలుగు, వేడి కూడా ఉన్నాయి. అంటే ఎలిమెంట్ అన్నది అప్పటికి ల్యాబ్‌లో సీసాలో పెట్టుకోగలిగే పదార్థం పేరు. ఆటమ్ మాత్రం ఎప్పట్నుంచో ఊహలో ఉన్న సంగతి, ఆ రెండిట్నీ గట్టిగా ముడివేసింది డాల్టన్, 1808 నాటికి ఆయన ఒక్కో ఎలిమెంట్‌కి ఒక్కో రకం ఆటమ్ ఉంటుందని, ఒక ఎలిమెంట్ ఆటమ్స్ అన్నీ బరువుతో సహా ఒకేలా ఉంటాయని చెప్పాడు. గొప్ప ముడి అది, మనం ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం. కానీ అందులో "బరువుతో సహా" అన్న ముక్క తర్వాత నిలబడలేదు.

1869లో మెండలీవ్ అప్పటికి తెలిసిన 63 ఎలిమెంట్లని ఆటమ్ బరువుల ప్రకారం పేర్చుకుంటూ వెళ్ళాడు, ఒకచోట ఆగాల్సి వచ్చింది. టెల్లూరియం బరువు 127.6, అయొడిన్‌ది 126.9, బరువు ప్రకారమైతే అయొడిన్ ముందు రావాలి, గుణాల ప్రకారమైతే తర్వాత రావాలి. ఆయన గుణాలనే నమ్మి టెల్లూరియాన్ని ముందు పెట్టాడు, బరువు కొలవడంలో ఏదో తప్పు జరిగి ఉంటుంది అనుకున్నాడు. బరువులో తప్పు లేదు. బరువుని బట్టి వరస పెట్టడంలోనే ఉంది తేడా అంతా.

అది తేలింది 1913లో. హెన్రీ మోస్లీ అనే కుర్రాడు ఒక్కో ఎలిమెంట్ మీద ఎలక్ట్రాన్లు తాకించి, అవి విడుదల చేసే ఎక్స్‌రేలని కొలుచుకుంటూ వెళ్తే, వాటి ఫ్రీక్వెన్సీల వర్గమూలాలు మెట్లెక్కినట్టు సమానంగా పెరుగుతూ వచ్చాయి, ఒక ఎలిమెంట్ నుంచి పక్క ఎలిమెంట్‌కి ఒక మెట్టు. ఆ మెట్టు నంబరే న్యూక్లియస్‌లో ఉన్న పాజిటివ్ చార్జ్, ఇవాళ్టి మాటల్లో ప్రోటాన్ల సంఖ్య. టెల్లూరియం 52, అయొడిన్ 53, మెండలీవ్ పెట్టిన వరసే కరెక్ట్. మెట్లలో 43, 61, 75 ఖాళీగా ఉన్నాయని కూడా అతనే చూపించాడు, తర్వాత ఆ మూడూ ఒక్కొక్కటిగా దొరికాయి. అదే 1913లో ఫ్రెడరిక్ సాడీ ఐసోటోపు అన్న మాట వాడాడు, పట్టికలో ఒకే గడిలో వేరువేరు బరువులున్న ఆటమ్స్ ఉంటాయని. ఒకే ఏడాదిలో ఎలిమెంట్‌కి అసలు గుర్తింపు ఏంటో తెలిసింది, ఏది కాదో కూడా తెలిసింది. మోస్లీ మాత్రం రెండేళ్ళకి, 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గల్లిపోలి దగ్గర చనిపోయాడు, 27 ఏళ్ళకే. ఇంకో ముప్పై ఏళ్ళు ఉండుంటే ఏం చేసేవాడో అని ఆ పేరు చదివినప్పుడల్లా బాధేస్తుంది.

ఎలిమెంట్‌కీ ఆటమ్‌కీ తేడా కళ్ళకి కట్టినట్టు చూడాలంటే ఆవర్తన పట్టికలో క్లోరిన్ గడి తీసి చూడండి. పైన 17 అని ఉంటుంది, కింద 35.45 అని ఉంటుంది. 17 ప్రతి క్లోరిన్ ఆటమ్‌కీ నిజం, ఒక్కటి కూడా తప్పదు. 35.45 బరువున్న క్లోరిన్ ఆటమ్ మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు! ప్రకృతిలో ఉన్నవి రెండు రకాలు, నాలుగింట మూడొంతుల ఆటమ్స్ బరువు దాదాపు 35, మిగతా వాటిది దాదాపు 37, ఆ రెండిటి సగటే 35.45. అంటే ఒకే గడిలో రెండు నంబర్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి విడివిడిగా ప్రతి ఆటమ్‌కీ చెందింది, ఇంకోటి గుంపు మొత్తానికి చెందింది, మనం మాత్రం రెండిట్నీ ఒకే గుక్కలో చదివేస్తాం. ఈ ఒక్క గడి చూపించి అరగంట మాట్లాడితే చాలు, పిల్లలకి డెఫినిషన్ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇంకో విషయం, ఆటమ్ అలాగే ఉండి దాని ఎలిమెంట్ మారిపోవడం కూడా జరుగుతుంది. కార్బన్-14 న్యూక్లియస్‌లో 6 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు ఉంటాయి. ఏదో ఒక క్షణంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతుంది, ఇప్పుడు 7, 7, అది నైట్రోజన్. ఆ ఆటమ్ ఎక్కడికీ పోలేదు, ముక్కలు కాలేదు, రాత్రికి రాత్రి పేజీ మీద ఒక అక్షరం పక్క అక్షరంగా మారిపోయినట్టు అయింది. ఎక్కువ మొత్తంలో తీసుకుంటే 5730 ఏళ్ళలో సగం ఇలా మారిపోతాయి. ఆటమ్‌కి చరిత్ర ఉంటుంది, ఎప్పుడో పుట్టింది, ఎక్కడెక్కడో తిరిగింది, రేపు మారొచ్చు. కార్బన్ అనే ఎలిమెంట్‌కి వయసు లేదు, 6 అన్న అంకెకి వయసు ఉంటుందా మరి.

ఇప్పుడు అసలు పీటముడి దగ్గరికి వద్దాం. ఇంతసేపూ ఎలిమెంట్ అంటే రకం అన్నాను, కానీ ఎలిమెంట్ అన్న మాటకి రెండో అర్థం కూడా ఉంది, అది కూడా అఫీషియలే. అంతర్జాతీయ రసాయన సంస్థ ఐయూపాక్ తన డెఫినిషన్‌లోనే రెండూ ఇచ్చింది, ఒకటి ఒకే ప్రోటాన్ల సంఖ్య ఉన్న ఆటమ్స్ అన్నీ, రెండోది అలాంటి ఆటమ్స్‌తో మాత్రమే తయారైన స్వచ్ఛమైన పదార్థం. లావోజియే సీసాలో పెట్టుకున్నది ఈ రెండోదే. మనం మాట్లాడేటప్పుడు ఒక వాక్యంలో మొదటి అర్థం, తర్వాతి వాక్యంలో రెండోది వాడేస్తూ ఉంటాం, ఎక్కడ మారామో మనకే తెలీదు.

పాలలో కాల్షియం ఉంది అంటాం. కాల్షియం అనే పదార్థం చూస్తే వెండిలా తెల్లగా మెరిసే లోహం, నీళ్ళలో వేస్తే బుడగలు బుడగలుగా హైడ్రోజన్ వదులుతుంది. పాలలో అలాంటి లోహం ముక్క ఎక్కడుంది? లేదు. ఉన్నవి 20 ప్రోటాన్లున్న ఆటమ్స్, అవి కూడా రెండేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అయాన్లు. ఉప్పుదీ అదే కథ, గ్రాము ఉప్పులో దాదాపు 0.39 గ్రాముల సోడియం ఉంటుంది. సోడియం లోహాన్ని నీళ్ళలో వేస్తే భగ్గుమంటుంది, క్లోరిన్ ఊపిరితిత్తులని కాల్చేసే ఆకుపచ్చ పసుపు గ్యాస్, ఆ రెండూ ఉన్న ఉప్పుని మనం తింటున్నాం అని ఎవరైనా భయపెడితే వాళ్ళు మొదటి అర్థంతో మొదలుపెట్టి రెండో అర్థంలోకి జారిపోయారన్నమాట. మెండలీవ్‌కి ఈ తేడా బాగా తెలుసు, సరళ పదార్థం వేరు, ఎలిమెంట్ వేరు అని నొక్కి మరీ చెప్పేవాడు. పట్టికలో ఆయన పేర్చింది సీసాల్లో ఉన్న పదార్థాలని కాదు, ఉప్పులో ఉన్నా లోహంగా ఉన్నా మారకుండా నిలిచే సోడియాన్ని. అంత స్పష్టంగా ఆయన చెప్పిన మాట స్కూలు పుస్తకాల దాకా రాకపోవడం నాకు నిజంగా లోటుగానే అనిపిస్తుంది.

కార్బన్ రంగేంటి అని అడిగితే ఏం చెప్తారు? వజ్రం అయితే రంగు లేదు, పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ అయితే నలుపు. రెండిట్లోనూ అవే ఆటమ్స్, అవే 6 ప్రోటాన్లు. వజ్రంలో ఒక్కో ఆటమ్ నాలుగు ఆటమ్స్‌ని పట్టుకుని ఉంటుంది, గ్రాఫైట్‌లో మూడింటిని పట్టుకుని పొరలు పొరలుగా ఉంటుంది, కాగితం మీద గీసినప్పుడు ఆ పొరలే జారి అంటుకుంటాయి. ఆక్సిజన్ కూడా అంతే, మనం పీల్చేదాంట్లో ఆటమ్స్ జంటలుగా ఉంటాయి, మూడేసి కలిస్తే ఓజోన్, అది పీల్చకూడదు. ఒంటరిగా ఉన్న ఆక్సిజన్ ఆటమ్ అయితే ఇంకా దూకుడు, భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో అలాంటివి ఉంటాయి, అక్కడ తిరిగే ఉపగ్రహాల పైపూతని అవి మెల్లమెల్లగా తినేస్తాయి. ధర్మాలన్నీ ఆటమ్‌లోనే ఉంటే ఈ మూడూ ఒకేలా ఉండాలి కదా, మరి ఎందుకు లేవు? ఎందుకంటే మనం పదార్థం ధర్మం అని పిలిచేవాటిలో చాలావరకు ఆటమ్స్ ఒకదాని పక్కన ఒకటి ఎలా చేరాయి అన్నదాన్ని బట్టి వచ్చేవే.

దీన్ని మావాడికి ఒక అల్యూమినియం ఫాయిల్ ముక్కతో చెప్పాను. ఒక సెంటీమీటర్ వెడల్పు కత్తిరించి, దాన్ని సగం చెయ్యి, మళ్ళీ సగం, మళ్ళీ సగం, అలా ఒక్క ఆటమ్ వెడల్పు రావాలంటే ఎన్నిసార్లు అన్నాను, వాడు లక్షసార్లు అన్నాడు. 25 సార్లు చాలు! కత్తెరతో ఏడు ఎనిమిది సార్లు వచ్చేసరికే వాడి చేతిలోది పోగులా అయిపోయింది, మిగతాది కాగితం మీద లెక్క వేశాం. 14వ కోతకి వెడల్పు 0.6 మైక్రాన్లు, అంటే కంటికి కనపడే వెలుగు తరంగం పొడవెంతో అంత, అక్కణ్ణుంచి ఆ రేకుకున్న అద్దం లాంటి మెరుపు చెదిరిపోవడం మొదలవుతుంది. ఆఖర్న ఒక్క ఆటమ్ మిగిలాక అది కరుగుతుందా అని అడగడానికే లేదు, కరగడం అంటే పక్కవాటితో ఉన్న పట్టు సడలడం, పక్కన ఎవరూ లేరే. మెరుపు పోయింది, మెత్తదనం పోయింది, కరిగే ఉష్ణోగ్రత పోయింది. 13 ప్రోటాన్లు మాత్రం మొదటి కోత నుంచి ఆఖరి కోత దాకా అలాగే ఉన్నాయి, ఏ రకం ఆటమ్స్‌తో ఎలా బంధం కట్టగలదు అన్నది కూడా అలాగే ఉంది. ఆటమ్ తనతో మోసుకెళ్ళేది అదీ.

మరి బంగారం సంగతి. ముద్దగా ఉంటే పసుపు, ఎందుకంటే కోట్లకొద్దీ ఆటమ్స్ కలిసినప్పుడు వాటి ఎలక్ట్రాన్లు నీలం వైపు వెలుగుని పీల్చుకుని మిగతాది తిప్పి కొడతాయి. అదే బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులు చేసి నీళ్ళలో కలిపితే కెంపులా ఎర్రగా ఉంటుంది, 1857లోనే ఫారడే దీని మీద ప్రయోగాలు చేశాడు. ఆవిరిలో విడిగా తిరిగే ఒక్క బంగారం ఆటమ్ ముఖ్యంగా పీల్చుకునేది 242.8, 267.6 నానోమీటర్ల వెలుగుని, అది అల్ట్రావయొలెట్, మన కంటికి అందదు. కాబట్టి ఒక్క ఆటమ్ పసుపు కాదురా, ఎరుపూ కాదు, మనం రంగు అనే అర్థంలో దానికి రంగు లేదు అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి ఆవర్తన పట్టిక తీశాడు, ఆఖరి గడి మీద వేలు పెట్టి "అయితే దీనికి?" అన్నాడు. 118, ఒగానెసాన్. ల్యాబ్‌లో వేరే న్యూక్లియస్‌లని ఢీకొట్టించి ఒక్కో ఆటమ్‌గా తయారు చేసింది, దాదాపు సెకనులో వెయ్యో వంతులోనే విడిపోయింది, ఇప్పటిదాకా వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా ఒకేసారి రెండు పక్కపక్కన ఉన్నది లేదు. గడి ఉంది, పేరుంది, 118 ప్రోటాన్లున్నాయి, ఎలిమెంట్ అనడానికి ఏ అడ్డూ లేదు. ఒగానెసాన్ అనే పదార్థాన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు, దానికి రంగంటూ ఉండాలంటే ముందు ఒక ఆటమ్ పక్కకి ఇంకో ఆటమ్ వచ్చి చేరేదాకా అది ఆగాలి.